రిపన్ ప్రభువు

కదిరి పట్టణమునుండి మదనపల్లెకు పోవు మార్గమున నల్లచెరువు కలదు. నేడు ఆ మార్గము జాతీయ రహదారియై, దాని పోషణ భారము కేంద్ర ప్రభుత్వపు వంతునకు వచ్చినది. దానినుండి చీలి పల్లెలకు పోవు బాటలలో కొన్ని రోడ్లు భవనముల శాఖవి, కొన్ని పంచాయతీరాజ్ శాఖవి. ఊరిలోని వీధులు గ్రామ పంచాయతీవి. మారుమూల పల్లెలో కట్టిన బండి కదిరి చేరులోపల ముగ్గురు నలుగురు యజమానుల బాటలను దాటవలసియుండును. ఎద్దులకు ఆ భేదము తెలియదు. గుంత పడినప్పుడు దానిని పూడ్చవలసినవారెవరు, ఆ వ్యయమును ఎవరి పద్దున వ్రాయవలెను అనునది మాత్రము నూటయేబది సంవత్సరములుగా నలుగుచున్న వ్యవహారము. ఆ వ్యవహారమునకు ఒక దారి చూపబూని, సగము నెగ్గి, సగము ఓడిన ఆంగ్ల ప్రభువొకడు కలడు. ఆయనయే రిపన్. మన పెద్దలు ఆయన పేరు భక్తితో తలచుచుండిరి. ఆయన చరిత్ర మాత్రము పిల్లల పాఠములలో రెండు మూడు వాక్యములకు కుదించుకొనిపోయినది.

ఆయన పూర్తి నామధేయము జార్జి ఫ్రెడరిక్ శామ్యూల్ రాబిన్సన్. 1827వ సంవత్సరము అక్టోబరు 24వ తేదీన లండను నగరమున డౌనింగు వీధి 10వ నెంబరు గృహమున జన్మించెను. అది ఇంగ్లండు ప్రధానమంత్రులు నివసించు ఇల్లు. ఆయన తండ్రి గోడెరిచ్ ప్రభువు ఆ సమయమున ప్రధానమంత్రి. కొలది నెలలు మాత్రమే ఆ పదవిలోనుండి, పార్లమెంటును ఒక్కమారైనను ఎదుర్కొనకయే 1828 జనవరిలో దిగిపోయినవాడు. అట్టి తండ్రికి పుట్టిన బిడ్డ రాజకీయములనుండి పారిపోవుట గాని, తండ్రి చేయలేనిది చేసి చూపవలెనను పట్టు పట్టుట గాని జరుగును. ఈ బిడ్డ రెండవ మార్గమును పట్టెను.

ఆంగ్ల ప్రభువుల బిడ్డలు ఈటన్, హారో మొదలగు పాఠశాలలలోను, పిదప ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములలోను చదువుట ఆచారము. రిపన్ ఏ బడి గడపయు తొక్కలేదు. ఇంటివద్దనే ఉపాధ్యాయులచేతను, తండ్రి గ్రంథాలయమువలనను విద్య గడించెను. పట్టా లేదు, పరీక్ష లేదు. అట్లు చదివినవారికి ఒక లోపము, ఒక గుణము ఉండును. తోటి విద్యార్థుల స్నేహబలము వారికుండదు. కాని తాము చదివినదానిని తామే తూచి చూచుకొను అలవాటుండును. ఈ రెండును ఆయన జీవితమున కడదాక కనబడును. 1870లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము వారు, తమ గడపలో చదువని ఈ ప్రభువునకు గౌరవ పట్టమిచ్చి ఆదరించిరి.

1851లో ఆయన హెన్రియెటా వైనర్ అను బంధువుల కన్యను వివాహమాడెను. ఆ దినములలోనే క్రైస్తవ సామ్యవాదులను పేర పనివారి పక్షమున పాటుపడుచున్న కొందరు సజ్జనులతో ఆయనకు మైత్రి కుదిరెను. 1852లో యంత్రశాలల పనివారికిని యజమానులకును పోరు వచ్చినప్పుడు, ఈ ప్రభు కుమారుడు పనివారి పక్షమును వహించెను. ప్రజలకు రాజ్యాధికారము నియ్యవలెనని ఒక చిన్న పుస్తకము వ్రాసి అచ్చొత్తించెను. ఆ సంఘమునకు పెద్దయగు మారిస్ పండితుడు అందలి భావములు మితిమీరినవని తలచి దానిని బయటికి రానీయలేదు. అచ్చయిన పుస్తకము అటకెక్కినది. భావము మాత్రము ముప్పది యేండ్లు నిలిచి మన దేశమున బయటపడినది.

అదే యేడు ఆయన హల్ పట్టణమునుండి పార్లమెంటునకు ఎన్నికయ్యెను. పక్షపు ఏజెంట్లు ఓటర్లకు లంచములిచ్చిరని విచారణలో తేలుటచే, ఆయన ప్రమేయము లేకున్నను 1853లో ఆ ఎన్నిక రద్దయ్యెను. ఎన్నికలనిన ఎట్టివో చేదుగా ఎరిగినవాడు గనుకనే, ఎన్నికలలో అక్రమములు జరుగునని భయపెట్టినవారి మాట ఆయనను తరువాత కదలింపలేకపోయెను. వెంటనే హడర్స్‌ఫీల్డునుండి, పిదప వెస్టు రైడింగునుండి గెలిచి సభలో కూర్చుండెను. 1859లో తండ్రి పట్టమును, పినపెద్దల పట్టమును సంక్రమించుటచే ప్రభువుల సభకు మారెను. యుద్ధ శాఖలో ఉపకార్యదర్శిగాను, 1863 మొదలు కార్యదర్శిగాను పనిచేసెను. 1866లో కొలది మాసములు ఇండియా రాజ్యకార్యదర్శిగా నుండెను. చెన్నపురి ప్రభుత్వము వారు బాటల నిమిత్తము రైతుపై తొలి సెస్సు విధించినది సరిగా ఆ సంవత్సరముననే. ఆ మాట ముందు వచ్చును.

1868 మొదలు 1873 వరకు ఆయన గ్లాడ్‌స్టన్ మంత్రివర్గమున ప్రీవీ కౌన్సిలు అధ్యక్షుడు. ఇంగ్లండున బడులు చాలని ప్రాంతములకు పాఠశాలా బోర్డులను ఏర్పరచి, వాటిని స్థానికులే ఎన్నుకొనునట్లు, ఖర్చులో కొంత స్థానిక పన్నువలనను, కొంత సర్కారు గ్రాంటువలనను సాగునట్లు చేసిన 1870వ సంవత్సరపు విద్యా చట్టము ఆయన అధ్యక్షతన ఉన్న శాఖనుండియే వెలువడెను. బోర్డు, స్థానిక పన్ను, సర్కారు గ్రాంటు అను మూడుకాళ్ల పీట ఆయనకు అప్పటికే పరిచితము. 1871లో అమెరికాతో వచ్చిన అలబామా నౌక తగవును వాషింగ్టనులో సంధి చేసి తీర్చినందులకు మార్క్విస్ బిరుదము లభించెను.

అంతటి ఉచ్చస్థితిలో నుండగా 1874లో ఆయన రోమను కథోలిక మతమును స్వీకరించెను. ఇంగ్లండు ఫ్రీమేసనులకు మహాధ్యక్షుడుగా నుండి, ఆ పదవిని ఒక్కసారిగా వదలుకొనెను. ఇంగ్లండున కథోలికులపై నాటికిని ద్వేషము చల్లారలేదు. ఆయన రాజకీయ జీవితము ముగిసినదనియే పత్రికలు వ్రాసినవి. స్నేహితులు సైతము మొగము చాటుచేసిరి. మనస్సునకు సత్యమని తోచినదానికై పదవిని, పరువును పణముగా పెట్టినవాడు కనుక, తరువాత మన దేశమున తెల్లవారందరు కూడి ఎదిరించినను ఆయన బెదరలేదు. గ్లాడ్‌స్టన్ మరల ప్రధానమంత్రి కాగా, 1880 జూన్ 8వ తేదీన రిపన్ హిందూదేశపు రాజప్రతినిధిగా పదవి స్వీకరించెను.

ఆయన వచ్చునప్పటికి దేశమెట్లున్నదో, ముఖ్యముగా దత్తమండలము ఎట్లున్నదో చెప్పక తప్పదు. 1876 మొదలు 1878 వరకు పట్టిన మహాక్షామము బళ్లారి, కడప, కర్నూలు జిల్లాలను ఊడ్చివేసినది. కదిరి తాలూకా నాడు కడప జిల్లాలోనిది. అనంతపురము బళ్లారి జిల్లాలోనిది. 1871 నాటికే కడప, గుత్తి మీదుగా రాయచూరు వరకు రైలు మార్గము పడియుండెను. కనుక చెన్నపట్టణమున దిగిన బియ్యపు బస్తాలు రైలు స్టేషనుల వరకు చేరగలిగెను. అక్కడినుండి లోపలి తాలూకాలకు చేర్చవలసినది ఎద్దుబండి. గడ్డి లేక ఎద్దులు చచ్చినవి; బ్రతికిన ఎద్దులు చెడిన బాటలపై బరువు లాగజాలవు. స్టేషనులో ధాన్యము, ఊరిలో ఆకలి, నడుమ బాట. ఆనాటి ఆకలి చావులకు వానలేమి యొక్కటే కారణము కాదని, ధరలును బాటలును కారణములేయని తెలిసికొనుటకు పెద్ద పాండిత్యము అక్కరలేదు. కరువు పనుల క్రింద కూలీలచేత మట్టి మోయించి వేసిన బాటలును లేకపోలేదు. బాట వేయుట ఒక యెత్తు, నిలుపుట ఒక యెత్తు. రెండు వానలకు వంకలు పొంగి కోసికొనిపోయిన బాటను ఎవరు బాగుచేయవలెను?

దానికి అప్పటికున్న ఏర్పాటు ఇది. 1866లో చెన్నపురి ప్రభుత్వము చేసిన మూడవ చట్టము ప్రకారము జిల్లా బాటల నిమిత్తము భూమి విలువలో రూపాయికి అర్ధణా చొప్పున రోడ్డు సెస్సు పుట్టినది. 1870 డిసెంబరులో రాజప్రతినిధియగు మేయో ప్రభువు ఒక తీర్మానము చేసి, చెరసాలలు, పోలీసు, విద్య, వైద్యము, బాటలు మొదలగు శాఖలను రాష్ట్ర ప్రభుత్వములకు ఒప్పగించి, వాటికై ఏటేట ఒక స్థిరమైన మొత్తము ఇచ్చుటకు ఒప్పుకొనెను. అయితే ఇచ్చిన మొత్తము అంతవరకు అగుచున్న ఖర్చుకంటె తక్కువ. తక్కువ పడినది రాష్ట్రములవారు స్థానిక పన్నులవలన పూడ్చుకొనవలెనని అర్థము. పెద్ద దొర భారమును చిన్న దొరపై మోపెను. చిన్న దొర దానిని రైతుపైకి దించెను. 1871లో చెన్నపురిలో నాలుగవ చట్టము వచ్చి, అర్ధణా సెస్సు రూపాయికి ఒక అణా వరకు పెరిగినది. కలెక్టరు అధ్యక్షుడుగా లోకలు ఫండు బోర్డులు ఏర్పడినవి. సెస్సులో మూడింట రెండు వంతులు బాటలకు, మిగిలినది బడులు, ఆసుపత్రులు, పారిశుద్ధ్యము మొదలగువాటికి అని నియమించిరి.

దీనిని ఒక ఊరి లెక్కగా వ్రాసి చూచిన విషయము తేటపడును. శిస్తు రెండువేల రూపాయలు గల గ్రామమునుండి అణా చొప్పున సెస్సు నూట యిరువదియైదు రూపాయలు. అందులో బాటలకు మూడింట రెండు వంతులు, అనగా 83 రూపాయల 5 అణాల 4 పైసలు. ఇది శిస్తుతో కలిపియే జమాబందీలో కట్టించుకొనెడివారు. రైతు చేతినుండి పోయినదానికి రసీదు కలదు. ఆ 83 రూపాయలలో తన ఊరి బాటకు ఎంత తిరిగివచ్చినదని అడుగుటకు మాత్రము ఆ బోర్డులో రైతుకు చోటు లేదు. సభ్యులను నియమించువాడు సర్కారు, అధ్యక్షుడు కలెక్టరు, లెక్క చూచువాడు కలెక్టరు కచేరి గుమాస్తా. సూర్యుడు నీటిని పీల్చునది వేయిరెట్లుగా వర్షించుటకేయని కాళిదాసు రాజుల పన్నును సమర్థించెను. కదిరి వంటి మెట్ట సీమలో పీల్చుటకు కొదువ లేదు. వర్షించు మేఘము మాత్రము మరియొక దిక్కున తిరుగుచుండెను.

రిపన్ చేతికి వచ్చిన యంత్రమిది. ఆయన వెంటనే దీనిపై చేయి వేయుటకు వీలు లేకపోయెను. మొదటి మాసములన్నియు లిట్టన్ ప్రభువు మిగిల్చిపోయిన ఆఫ్ఘను యుద్ధమును చల్లార్చుటతోనే సరిపోయెను. అబ్దుర్ రహమానును కాబూలు ప్రభువుగా అంగీకరించి సేనలను వెనుకకు రప్పించెను. 1881 ఫిబ్రవరిలో దేశమంతట ఒకే రాత్రి జనాభా లెక్క తీయించెను. అదే యేడు మార్చి 25వ తేదీన, యేబదియేండ్లు ఆంగ్లేయుల పాలనలోనున్న మైసూరు రాజ్యమును చామరాజేంద్ర ఒడయరునకు తిరిగి అప్పగించిరి. హిందూపురము, పెనుకొండ, మడకశిర సీమలవారికి ఇది ఇరుగింటి వార్త. సరిహద్దుకు ఆవల దేశీయుడైన రాజు వచ్చెనని సంతసించిరి. కర్మాగారముల చట్టమువలన పసిపిల్లల పనికి హద్దు ఏర్పడెను. 1882లో దేశభాషా పత్రికల నోరు నొక్కిన శాసనము రద్దయ్యెను. ఉప్పుపన్ను మణుగుకు రెండు రూపాయలకు తగ్గెను. విద్యా పరిస్థితులను పరిశీలించుటకు హంటరు సంఘము నియమింపబడెను. బళ్లారి జిల్లాను చీల్చి అనంతపురము జిల్లాను ఏర్పరచినదియు ఆ 1882లోనే.

స్థానిక స్వపరిపాలనమునకు మొదటి అడుగు 1881 సెప్టెంబరు 30వ తేదీ తీర్మానము. అది చూచుటకు కేవలము జమాఖర్చుల కాగితము. సర్కారు ఖర్చులలో ఏవి స్థానిక సంఘములకు అప్పగింపదగినవో, వాటికి సరిపడు ఆదాయములు ఏవి ఇయ్యదగినవో వెదకి తెలుపవలసినదిగా రాష్ట్రములను ఆదేశించెను. మేయో ప్రభువు ఏర్పాటులో లేని న్యాయమొకటి ఇందులో కలదు. పని అప్పగించినచో దానికి తగిన ధనమును అప్పగింపవలెను. ధనములేని బాధ్యత అధికారము కానేరదు. పురపాలక సంఘములు అంతవరకు మోయుచున్న పోలీసు ఖర్చును సర్కారు తీసికొని, బదులుగా బడులు, ఆసుపత్రులు, బాటలు వంటి స్థానిక కార్యములను వారికి విడువవలెనని సూచించుట ఈ న్యాయము ప్రకారమే. రాష్ట్రములకు కట్టడిగా ఇచ్చు మొత్తమును మాని, కొన్ని ఆదాయములను కేంద్ర రాష్ట్రములు పంచుకొను ఐదేండ్ల ఏర్పాటును 1882లోనే చేసెను. ఆయన ఆర్థిక సభ్యుడగు బేరింగు ఇందులో కుడిభుజముగా నిలిచెను.

అటుపిమ్మట వచ్చినది 1882 మే 18వ తేదీ తీర్మానము. జిల్లా అంతయు ఒకే బోర్డు అయినచో, సభ్యునికి తాను ఎరుగని ఊళ్ల సంగతి తీర్మానించవలసివచ్చును. కనుక బోర్డు పరిధి తాలూకా వంటి చిన్న ప్రాంతమై యుండవలెను. సభ్యులలో సర్కారు ఉద్యోగులు మూడవవంతునకు మించరాదు. వీలయినచోట్ల సభ్యులను ప్రజలే ఎన్నుకొనవలెను. అధ్యక్షుడును వీలయినంతవరకు అనధికారియై యుండవలెను. సర్కారు కాపు బయటినుండి ఉండవలెనే గాని లోపల కూర్చుండి నడుపరాదు. క్రొత్త పన్నులకు, అప్పులకు అనుమతి ఇచ్చుట, కార్యము చెడినచో సరిదిద్దుట సర్కారు పని. వీటన్నిటికిని మూలమైనది ఇంకొక మాట. ఈ ఏర్పాటువలన వెంటనే బాటలు మెరుగుపడునని ఆయన ఆశింపలేదు. కలెక్టరు ఒక్కడే చేసినచో పని త్వరగా జరుగవచ్చునని ఒప్పుకొనెను. అయినను ప్రజలు తమ వ్యవహారములను తాము నడుపుకొన నేర్చుకొనుటయే ముఖ్యమనియు, తొలుత తప్పులు దొరలినను ఓర్చుకొనవలెననియు ఆయన ఉద్దేశము. ఈత నేర్పువాడు నీళ్లలోనికి దింపక తప్పదు గదా.

ఉద్యోగులలో పెక్కుమందికి ఇది రుచింపలేదు. బొంబాయి ప్రభుత్వము అడ్డుచెప్పెను. లండనులోని ఇండియా కౌన్సిలులోని వృద్ధులు తల అడ్డముగా త్రిప్పిరి. కలెక్టరు అధ్యక్షుడు కాని బోర్డు కూలునని వాదించినవారందరు చెడ్డవారని అనుకొనరాదు. కరువు దినములలో గుఱ్ఱముపై ఊరూర తిరిగి ప్రాణములు నిలిపిన కలెక్టర్లును వారిలో కలరు. బోర్డులలో భూస్వాములును వకీళ్లును చేరి తమ తోటలకు దారులు వేసికొందురేగాని, బీదవాని బాట ఎవరికి పట్టునని వారి ప్రశ్న. తరువాతి చరిత్ర ఆ ప్రశ్నను పూర్తిగా త్రోసిపుచ్చలేదనుట నిజము. రిపన్ దానికి విరుగుడు అధికారమును లాగికొనుటలో లేదనియు, ఎన్నుకొనువారి సంఖ్యను పెంచుటలో కలదనియు తలచెను. ఆయన నమ్మకము సరియైనదే. దానికి పట్టిన కాలమును మాత్రము ఆయన తక్కువగా అంచనా వేసెను.

చెన్నపురిలో గ్రాంటు డఫ్ గవర్నరుగా నుండగా 1884లో రెండు చట్టములు వెలువడెను. నాలుగవ చట్టము పురపాలక సంఘములకు, ఐదవ చట్టము స్థానిక బోర్డులకు. జిల్లాకు జిల్లా బోర్డు, దాని క్రింద తాలూకా బోర్డులు, పెద్ద గ్రామములకును గ్రామ సమూహములకును యూనియను పంచాయతీలు. మూడంతస్తుల ఈ మేడ నకాసు రిపన్‌దే. కాని కాపురమున్నవారు పాతవారే. జిల్లా బోర్డునకు కలెక్టరు, తాలూకా బోర్డునకు డివిజను అధికారి అధ్యక్షులుగా ఏండ్ల తరబడి నిలిచిరి. ఎన్నిక అను మాట చట్టములో నుండెను గాని, పెక్కు స్థానములు నియామకముచేతనే నిండుచుండెను. యూనియనులకు ఇంటిపన్ను వేసికొను అధికారము లభించెను. దానితో వీధులు ఊడ్పించుట, దీపములు పెట్టించుట, ఊరి దారులను బాగుచేయుట జరుగవలెను. బాటలపై సుంకపు గేట్లు పెట్టి బండికి ఇంత యని వసూలు చేయు పద్ధతియు సాగుచుండెను. కదిరి తేరునకు బండి కట్టినవాడు శిస్తుతో సెస్సు చెల్లించి, గేటువద్ద మరల సుంకము చెల్లించి, ఆ పైని గుంతలో ఇరుసు విరుగగొట్టుకొని నిలుచుట ఆ కాలపు చోద్యము.

రిపన్ పథకములోని పెద్ద లోపము ఎన్నికలలో లేదు, అణాలో ఉన్నది. సెస్సు భూమి విలువను బట్టి వచ్చును. గోదావరి, కృష్ణా డెల్టాలలో పల్లపు భూముల శిస్తు హెచ్చు. అక్కడ రూపాయికి అణా వేసినచో బోర్డు పెట్టె నిండును. కదిరి, పెనుకొండ తాలూకాలలో ఎకరములు విస్తారము, శిస్తు స్వల్పము, పల్లెకు పల్లెకు నడుమ దూరము హెచ్చు. అనగా ఆదాయము తక్కువయైన చోటనే వేయవలసిన బాట పొడవు ఎక్కువ. అందరికి ఒకే అణా అనునది పైకి సమానముగా తోచును. తక్కెడలో వేసి చూడగా సమానము కాదు. ఈ తేడాను సర్కారు తన ఖజానానుండి పూడ్చవలసినది. గ్రాంట్లు వచ్చుచుండెను గాని అవి హక్కుగా గాక దయగా వచ్చుచుండెను. ఒక యేడు వచ్చునది మరుయేడు వచ్చునన్న నమ్మకము లేనివాడు బాటకు కంకర పోయించునా, మట్టి పోయించునా? పని అప్పగించినచో ధనము అప్పగింపవలెనన్న 1881 నాటి న్యాయము మెట్ట జిల్లాల విషయమున ఈ విధముగా జారిపోయెను. రిపన్ దానిని ఎరిగి ఉపేక్షించెననుటకంటె, ఇంగ్లండు పల్లెల సంపదను కన్నుల నిడుకొని మన మెట్టను కొలిచెననుట సరి.

ఆయన పేరు దేశమంతట మ్రోగినది బాటలవలన కాదు, న్యాయస్థానమువలన. 1883 ఫిబ్రవరిలో న్యాయ సభ్యుడగు ఇల్బర్టు ఒక బిల్లును ప్రవేశపెట్టెను. జిల్లాలలో హిందూదేశీయుడైన న్యాయాధికారి తెల్లవాని నేరమును విచారింపగూడదను భేదమును తొలగించుట దాని ఉద్దేశము. తోటల యజమానులు, వర్తకులు, వకీళ్లు మొదలగు ఆంగ్లేయులు కలకత్తాలో సభలు చేసి దూషించిరి. రాజప్రతినిధి విందులకు పోవుట మానిరి. చివరకు 1884 జనవరిలో రాజీ కుదిరెను. తెల్లవాడు కోరినచో జూరీ ఏర్పడవలెను, అందులో సగమైనను తెల్లవారుండవలెను. చట్టము నిలిచినది, సారము పోయినది. ఇక్కడ రిపన్ వంగిపోయెననుట దాచదగినది కాదు. ఆ మరుమాసమున, ఫిబ్రవరి 5వ తేదీన, ఆయన హైదరాబాదునకు వచ్చి ఆరవ నిజాము మహబూబ్ అలీఖానునకు రాజ్యాధికారము నొప్పగించెను.

1884 డిసెంబరులో, నియమిత కాలము ముగియకముందే, ఆయన పదవి విడిచి డఫరిన్ ప్రభువునకు అప్పగించి వెడలెను. బొంబాయి వరకు సాగిన ఆ వీడ్కోలువంటిది అంతకు పూర్వము ఏ రాజప్రతినిధికిని జరుగలేదు. స్టేషను స్టేషనున జనము నిండిరి. బిల్లులో ఓడినవానికి ఇంతటి గౌరవమేల అని తెల్లవారు వింతపడిరి. మన పక్షమున నిలిచి మాటపడినవానిని మరువని స్వభావము ఈ దేశపుది. ఇందరు ఒక్కటై కూడగలరను సంగతి కూడినవారికే ఆ దినములలో తెలిసెను. మరుసటి యేడు డిసెంబరులో బొంబాయిలో జరిగిన మొదటి కాంగ్రెసు సభకు గుత్తినుండి వకీలు కేశవపిళ్లె పోయియుండెను.

బోర్డుల కథ ఆయనతో ముగియలేదు. 1920 చట్టముతో ఎన్నికలు, అనధికార అధ్యక్షత బలపడినవి. మోటారు బండ్లు హెచ్చగా, 1929లో పెట్రోలు సుంకమునుండి కేంద్ర రోడ్డు నిధి ఏర్పడెను. 1931లో మోటారు వాహనముల పన్ను వచ్చి, సుంకపు గేట్లు పోయి, అందులకు నష్టపరిహారము బోర్డులకు చెల్లునట్లయ్యెను. 1934లో తాలూకా బోర్డులు ఎత్తివేయబడినవి. రిపన్ ముఖ్యమని తలచిన చిన్న ప్రాంతపు అంతస్తే మొదట కూలినదనుట గమనింపదగును. 1959లో జిల్లా బోర్డుల స్థానమున జిల్లా పరిషత్తులు, పంచాయతీ సమితులు వచ్చినవి. 2000వ సంవత్సరమున ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో మొదట వ్యయమంతయు కేంద్రమే భరించెను. 2015-16 మొదలు మన రాష్ట్రము వంటివి నూటికి నలుబది భరింపవలసియున్నవి. ఎవరి వంతు ఎంత యను వాదము మేయో ప్రభువు నాటినుండి ఎట్లున్నదో అట్లే యున్నది. గ్రంథాలయములు సైతము పంచాయతీలు ఇంటిపన్నుపై వసూలు చేయు సెస్సుమీదనే బ్రతుకుచున్నవని, ఆ పన్ను ఆ యూనియను పన్ను వంశములోనిదేయని చదువరులు ఎరుగుదురు గాక.

స్వదేశము చేరిన పిదప రిపన్ 1886లో నౌకాశాఖకును, 1892 మొదలు 1895 వరకు వలసరాజ్యముల శాఖకును మంత్రిగా నుండెను. 1894లో దక్షిణాఫ్రికాలోని నేటాలున భారతీయుల ఓటు హక్కును తీసివేయు బిల్లు రాగా, యువకుడగు గాంధి పదివేల సంతకములతో మహజరు వ్రాయించి పంపినది ఈ రిపన్ ప్రభువునకే. ఆ సంతకములు చేసినవారిలో చెరకు తోటలకు కూలికి పోయిన తెలుగువారును, అరవవారును కలరు. ఆ రూపమున ఆ బిల్లునకు లండను సమ్మతి లభింపలేదు.

1895లో మంత్రివర్గము పడిపోగా ఆయన చేసిన పని విలక్షణము. తన పట్టమునకు పేరిచ్చిన రిపన్ అను చిన్న పట్టణమునకు 1895-96లో మేయరుగా నుండెను. ఒకనాడు ఇరువదియైదు కోట్ల ప్రజలకు రాజప్రతినిధిగా నుండినవాడు, ఒక చిన్న ఊరి వీధులు, దీపములు, మురుగు కాలువల వ్యవహారమున తల దూర్చెను. మన తాలూకా బోర్డులకు చెప్పిన పాఠమును తాను అప్పగించుకొనినట్లున్నది. 1905లో మరల మంత్రివర్గమున చేరి 1908లో విరమించెను. 1909 జూలై 9వ తేదీన తన ఎస్టేటగు స్టడ్లీ రాయల్‌లో కాలధర్మము నొందెను. చెన్నపట్టణపు కార్పొరేషనువారు 1913లో తెరచిన తమ తెల్లని భవనమునకు ఆయన పేరు పెట్టిరి. ఆయన విగ్రహము ఆ ఆవరణలో కలదు.

ఆయన గతించిన మరుయేడు, 1910లో, కదిరి తాలూకా కడప జిల్లానుండి అనంతపురము జిల్లాకు మార్చబడెను. నల్లచెరువు బాటల పద్దు కడప బోర్డు పుస్తకములలో మూయబడి, అనంతపురము బోర్డు పుస్తకములలోనికి ఎక్కెను.